తోకచుక్క పోయేదాకా

నాకు నిలకడ లేదని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాను. ఫోన్ మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్ళొస్తాను. తిరువూరు మెయిన్‌రోడ్డు మీద మాకున్న ఎరువులు, పురుగుమందుల షాపులో నాకొక కుర్చీ ఉంది కానీ, దాని మీద నాకంటే వీధిలో పిల్లి ఎక్కువసేపు కూర్చుంటుంది. మా ఆయనది ఎ.కొండూరు. ఆయన్ని పొద్దున ఒకచోట కూర్చోబెట్టి వెళితే సాయంత్రం వచ్చి అక్కణ్ణుంచే తీసుకెళ్ళొచ్చు. "నీ కాళ్ళల్లో చక్రాలున్నాయి" అంటాడు నవ్వుతూ. మా మేనత్త మాత్రం నవ్వదు. నేను పుట్టిన నెలలోనే ఆవిడ నాకొక పేరు పెట్టేసింది. తోకచుక్క.

ఆ పేరు ఊరికే రాలేదు. డెబ్బై అయిదారేళ్ళకోసారి సూర్యుడి దగ్గరికొచ్చి పోయే పెద్ద తోకచుక్క ఒకటుంది. అది ఆకాశంలో ఉన్న రోజుల్లోనే, ఒక తెల్లవారుజామున, వినగడపలో మా అమ్మమ్మ గారింట్లో పుట్టాను. ఆ నెలలోనే అకాల వాన పడి నాన్న గోడౌన్లో యూరియా బస్తాలు తడిసి గడ్డకట్టాయి. ఎన్నాళ్ళ నుంచో మంచాన పడి ఉన్న తాతయ్య కూడా ఆ నెలలోనే పోయాడు. గోడౌన్ రేకులకి చిల్లులున్న సంగతి గానీ, తాతయ్య పండుముసలి అన్న సంగతి గానీ ఎవరికీ గుర్తు రాలేదు. రెండూ నా నెత్తినే వేశారు. ఆ తరవాత ఇంట్లో పాలు విరిగినా, మోటారు కాలినా, కరెంటు పోయినా "అదుగో, తోకచుక్క అటు తిరిగి ఉంటుంది" అనేవాళ్ళు. పిల్లలందరూ పట్టుకున్నారు. బడిలోకి పాకింది. నాకు సంబంధాలు చూసే రోజుల్లో గంపలగూడెం నుంచి వచ్చినవాళ్ళు, టిఫిన్ తిని, చెయ్యి కడుక్కుని, "అమ్మాయిని తోకచుక్క అంటారంట గదండీ, ఎందుకు?" అని అడిగి మరీ వెళ్ళారు.

మేనత్త చెడ్డ మనిషి కాదు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. నాన్న హఠాత్తుగా పోయినప్పుడు షాపు తాళాలు బొడ్లో దోపుకుని, మగవాళ్ళ మధ్య కూర్చుని యాపారం నిలబెట్టింది ఆవిడే. నాకు జ్వరమొస్తే తన మంచం మీదే పడుకోబెట్టుకునేది. "నా తోకచుక్క తల్లీ" అని నుదురు నిమిరేది. ముద్దుగా అన్నా, తిట్టుగా అన్నా ఆ మాటే. నాకు మండేది మాత్రం మా అమ్మ మీద. మేనత్త ఆ మాట అన్న ప్రతిసారీ అమ్మ పొయ్యి దగ్గరికి వంగి ఏదో కలుపుతూ ఉండిపోయేది. ఒక్కసారంటే ఒక్కసారి, "వదినా, అలా అనకు" అనలేదు. అమ్మ మీద నాకున్న కోపం అదొక్కటే. చిన్నదేం కాదది.

రెండువేల ఇరవై నాలుగులో, దసరా వెళ్ళిన వారంలో, పడమట తోకచుక్క కనిపిస్తోందని ఫోన్లలో మోత మొదలైంది. ఒక వీడియోలో అది ఊరంత మంటతో సముద్రంలో పడుతోంది. ఇంకొకాయన కళ్ళు పెద్దవి చేసి, ఫలానా రాశులవాళ్ళు బయటికి రావద్దని చెబుతున్నాడు. షాపుకొచ్చిన రైతులు పత్తిలో గులాబీ పురుగుకి మందు అడుగుతూ మధ్యలో దీన్ని కూడా అడిగారు. వినగడప పెద్దాయన ఒకాయన, "తోకచుక్క వచ్చిందంటున్నారు గదమ్మా, ఈ ఏడు పత్తికి రేటేమన్నా ఉంటదా?" అన్నాడు. తోకచుక్క రాని ఏళ్ళల్లో మాత్రం రేటు ఎక్కడుందండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అదీ నిజమే అని డబ్బా తీసుకుని వెళ్ళాడు.

నాకు మాత్రం ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. పుట్టినప్పటి నుంచి మోస్తున్న పేరు, ఆ పేరుగలదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఐదయ్యేసరికి షాపు తమ్ముడికి వదిలేసి వాళ్ళ డాబా ఎక్కేదాన్ని. మా ఇల్లు రెండు వీధుల అవతల, కానీ పడమర ఖాళీగా కనపడేది తమ్ముడి ఇంటి మీది నుంచే. మొదటిరోజు మబ్బు. రెండోరోజు ఇంకా మబ్బు, ఆ పైన తుంపర. వాయుగుండమని టీవీలో చెబుతున్నారు. నేను డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, మబ్బుల్ని తిడుతూ, దండెం మీది బట్టలకి అడ్డం పడుతూ ఉన్నాను. ఎదురింటావిడ "ఏంటండీ, ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగింది.

మూడో సాయంత్రం మబ్బు విడిపోయింది. గంపలగూడెం రోడ్డు వైపు, చీకటి పూర్తిగా పడకముందే, కింద శుక్రుడు వెలుగుతున్నాడు. దానికి కుడి పక్కగా, బాగా పైన, ఏదో ఉన్నట్టుంది, లేనట్టుంది. నేరుగా చూస్తే పోతోంది. పక్కకి చూస్తే వస్తోంది. పలక మీద గీసిన సుద్ద గీతని వేలితో తుడిస్తే మిగిలే మరక, అంతే. ఆ మరక చూసి నేను పెద్దగా నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇంత చిన్నదాన్నా నా మీద రుద్దారు?

ఆ రాత్రి నుంచి దాని గురించి దొరికిందల్లా చదివాను. గ్రహాలు తయారయ్యాక మిగిలిపోయిన సామానట. ఇల్లు కట్టాక గోడ పక్కన కంకర, ఇటుక ముక్కలు మిగిలిపోతాయే, అలాంటివి. కొన్ని రాళ్ళు అంగారకుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంటాయి. కొన్ని మంచూ మట్టీ కలిసిన ముద్దలు, ఎక్కడో సూర్యుడి వేడి అందని చీకట్లో పడి ఉంటాయి. వాటిల్లో ఒకటి ఎందుకో కదిలి ఇటు బయలుదేరుతుంది. వేడికి దాని ఒళ్ళు కరిగి, ఆవిరై, దుమ్మై ఆ తోక వస్తుంది. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే ఉంటుందట, అందుకని వెళ్ళిపోయేటప్పుడు తోక ముందు, తను వెనక. ఇప్పుడొచ్చింది మళ్ళీ రావాలంటే వేల ఏళ్ళు పడుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. ఎవరికీ ఏమీ చెయ్యలేదు. దాని దారిన అది కరిగిపోతూ పోతోంది.

చదివింది కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. మర్నాడు తమ్ముడింట్లో టిఫిన్ దగ్గర అందరికీ చెప్పేశాను. మేనత్త ఇడ్లీ తుంచుతూ, "అయితే ఎన్నాళ్ళుంటుందే అది?" అంది. రోజురోజుకీ మసకేస్తుందత్తయ్యా, ఇంకో వారం పది రోజులైతే మామూలు కంటికి కనపడదు అన్నాను. ఆవిడ తల ఊపింది. నా మాట ఆవిడ శ్రద్ధగా విన్నది బహుశా అదే మొదటిసారి. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ ఇంట్లో అప్పుడు అందరి ప్రాణాలూ ఒకే మనిషి మీద ఉన్నాయి. మా తమ్ముడి భార్యకి నెలలు నిండాయి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఐదో నెలలో పోయింది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు మా అమ్మే పోస్తానంది. తొమ్మిది నెలలూ ఆ పిల్ల మెట్లు ఎక్కలేదు, గట్టిగా తుమ్మలేదు. మా తమ్ముడైతే ఆమె గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా ఉలిక్కిపడి చూసేవాడు.

నేను తోకచుక్క గురించి ఉపన్యాసమిచ్చిన మర్నాడు మా ఊళ్ళోని నర్సింగ్‌హోంలో స్కానింగ్ చేశారు. ఉమ్మనీరు తగ్గుతోందన్నారు డాక్టరమ్మ. భయపడాల్సిందేం లేదు, కానీ ఆగడానికి లేదు, రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి తీసేద్దాం అన్నారు. మా వైపు సంగతి ఆవిడకి తెలుసు. ఆపరేషన్ అనగానే ముందు పంతులు గారికి ఫోన్ చేస్తారు, బిడ్డ ఏ నక్షత్రంలో పుట్టాలో ఆయన చెబుతాడు, థియేటర్ బయట గడియారం పట్టుకుని ఒకరు నిలబడతారు. ఆవిడ నవ్వుతూ, "ముహూర్తం పెట్టించుకోండి, కాదనను. కానీ ఈ రెండు రోజుల్లోనే పెట్టించుకోండి" అన్నారు.

ఇంటికొచ్చాక మేనత్త ఆ మాట విని, "రెండు రోజులేంటి? ఆకాశంలో అది ఉండగానే?" అంది.

నాకు అప్పటికి అర్థం కాలేదు. ఏది ఉండగా అన్నాను.

"ఏదేంటే. నువ్వే చెప్పావుగా, వారం పది రోజుల్లో పోతుందని. అది పోయాకే తీయిద్దాం. ఇప్పటిదాకా ఆగినవాళ్ళం, ఆ నాలుగు రోజులు ఆగలేమా?"

ఒళ్ళు మండిపోయింది. నేను చెప్పిందొకటి, ఆవిడ పట్టుకున్నదొకటి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది. పంతులు గారికి నేనే ఫోన్ చేశాను. ఆయన పాపం ఇరుకున పడ్డాడు. "పంచాంగంలో తోకచుక్క ఉండదమ్మా. గ్రహాలు, నక్షత్రాలు, మూఢాలు ఉంటాయి. ఇప్పుడు మూఢం కూడా లేదు, మంచి ముహూర్తాలే ఉన్నాయి" అన్నాడు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి గెలిచినట్టు మేనత్త వైపు చూశాను. అవతల ఆయన ఆగి, "అయితే పెద్దావిడ మనసులో శంక ఉంటే మాత్రం… శంక ఉన్నచోట ముహూర్తం బలం తగ్గుతుంది మరి" అన్నాడు. ఇంకేముంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

తమ్ముణ్ణి పక్కకి తీసుకెళ్ళాను. వాడు ఇంజనీరింగ్ చదివాడు. ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో నోటితో చెప్పేస్తాడు. నీకు బుద్ధుందా, డాక్టరమ్మ ఆగొద్దంటోంది అన్నాను. వాడు నా మొహం చూడకుండా, "అక్కా, మొదటిసారి ఇవన్నీ చాదస్తమన్నాను. గ్రహణం రోజు నేనే దాన్ని బయటికి తీసుకెళ్ళాను, నెల తిరక్కుండా పోయింది. రెండోసారి కొత్తింటి గోడకి మేకులు కొట్టొద్దంటే కొట్టాను. అది కారణం కాదని నాకు తెలుసు. కానీ ఈసారి దేన్నీ కాదనే ధైర్యం నాకు లేదు" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడదామని వెళ్ళినదాన్ని వాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాను. మర్నాడు డాక్టరమ్మ ఫోన్ చేస్తే, వస్తామండీ, కొంచెం ఇబ్బంది ఉంది, ఎల్లుండి వస్తాం అని నాన్చాడు. ఆవిడ గట్టిగానే కోప్పడింది. వాడు సరేనండీ సరేనండీ అని పెట్టేశాడు.

ఆ రోజంతా షాపులో నేను మనిషిని కాదు. ఒక రైతుకి మిర్చి నల్లి మందు బదులు కలుపు మందు తీసిచ్చి, ఆయన చూసి వెనక్కిచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే తోటంతా మాడిపోయేది. స్కూటీ వేసుకుని తమ్ముడింటికీ షాపుకీ తిరుగుతూనే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా మరదల్ని ఎలా ఉందని అడగడం, ఆ పిల్ల బాగానే ఉంది వదినా అనడం. అమ్మ మాత్రం వంటింట్లో కందిపప్పు చేటలో పోసుకుని, ఏరిన పప్పే మళ్ళీ ఏరుతోంది. నువ్వైనా చెప్పవేం అమ్మా అన్నాను. తలెత్తలేదు. ఎప్పటి మాదిరే ఊరుకుంది. నీ నోట్లో ఏముందమ్మా అసలు, బెల్లమా, రాయా అని అరిచి బయటికొచ్చేశాను.

సాయంత్రం నేను వెళ్ళేసరికి మేనత్త డాబా మీద ఉంది. మోకాళ్ళు పట్టుకుని ఎక్కిందట. తమ్ముడు పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ కొంగు తల మీదికి కప్పుకుని, పడమటికి చెయ్యి చాపి, "పోతుంది పోతుందన్నావు, ఏదే పోయింది? నిన్నా చూశాను, మొన్నా చూశాను. తగ్గలేదు సరిగదా, ఇంకా పెరిగింది. చూడు ఎలా మండుతోందో" అంది.

ఆవిడ వేలు శుక్రుడి మీద ఉంది.

మూఢం పోయి శుక్రుడు పైకొచ్చాడంటే చాలు, ఊళ్ళో కల్యాణమండపాలన్నీ నిండుతాయి. ఆ శుక్రుడి కోసం ఎదురుచూసి మా ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళు చెయ్యలేదు? ఈవిడ దేనికోసమైతే మూడు నెలలు ముహూర్తాలు ఆపించేదో, దాన్నే చూసి బిడ్డని ఆపుతోంది. పైగా అది ఇప్పట్లో పోదు. సంక్రాంతి దాటినా అక్కడే ఉంటుంది. అత్తయ్యా, అది శుక్రుడు, నువ్వు చూడాల్సింది అది కాదు, అదిగో ఆ పైన, కళ్ళు అటు తిప్పు, సన్నగా గీతలా ఉంటుంది చూడు అని ఆవిడ గడ్డం పట్టుకుని తిప్పాను. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయింది. ఏమీ కనపడలేదు.

"నాకు చెప్పొస్తున్నావా. మీరందరూ తోకచుక్క తోకచుక్క అంటే కంటికి కూడా ఆనని గీతా? దీనికా లోకమంతా గోలపెట్టేది?" అంది. ఆ ఒక్క మాటా నిజమే. లోకం గోల పెట్టింది దానికే.

తమ్ముడు ఒకసారి ఆవిడ వేలి వైపు, ఒకసారి నా వేలి వైపు చూస్తున్నాడు. వాడికి తెలుసు ఏది శుక్రుడో. తెలిసీ ఊరుకున్నాడు. నేను వాణ్ణి కొట్టేదాన్నేమో.

అప్పుడే కింద నుంచి అమ్మ వచ్చింది. అమ్మ డాబా ఎక్కి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. ఆయాసపడుతూ, పిట్టగోడ పట్టుకుని, "పొద్దుట్నుంచి బిడ్డ సరిగ్గా కదలట్లేదంట. ఇప్పుడు చెప్పింది. మీరంతా భయపడతారని చెప్పలేదంట. ఏడుస్తోంది" అంది.

తమ్ముడు కదిలాడు. మేనత్త వాడి చెయ్యి పట్టుకుంది. "ఉండరా. మజ్జిగ తాగించి ఎడమ పక్కకి పడుకోబెట్టండి, కదులుతుంది. అది అక్కడ ఉండగా ఈ పూట గడప దాటించొద్దు. ఒకసారి ఈ ఇంట్లో ఏం జరిగిందో మర్చిపోయారా?" అని నా వైపు చూసింది.

అమ్మ కూడా నా వైపు చూసింది. తరవాత మేనత్త ముందుకి వెళ్ళి నిలబడింది. "వదినా, అది శుక్రుడు. తోకచుక్క నాకు తెలుసు. నేను చూశాను" అంది.

"ఎప్పుడు చూశావు నువ్వు?"

"ఇది పుట్టిన రోజున."

కింద వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అమ్మ ఆగలేదు. "చూడొద్దని నువ్వు తిరువూరు నుంచి మనిషి చేత చెప్పించావు. కిటికీకి గోనెపట్టా కట్టారు. చేతికి తాయెత్తు కట్టారు. నొప్పులొస్తుంటే ఆ గదిలో నాకు ఊపిరాడలేదు. దొడ్లోకి వెళ్ళాలని చెప్పి మంత్రసానిని లోపలే ఉండమని, ఒక్కదాన్నే బయటికొచ్చాను. ఆగ్నేయం వైపు ఉంది. కావాలనే చూశాను వదినా. చాలాసేపు చూశాను. మెత్తగా, తెల్లగా ఉంది. చూసినంతసేపూ నొప్పి తెలియలేదు. దోషమంటూ ఉంటే అది నాది. మామగారు పోయింది నా వల్ల అను, బస్తాలు తడిసింది నా వల్ల అను. కళ్ళు కూడా తెరవనిది, దానికేం తెలుసు? ఇప్పుడు ఈ పుట్టబోయేదానికేం తెలుసు?" తమ్ముడి వైపు తిరిగి, "నిలబడ్డావేంరా. బండి తియ్యి" అంది.

వాడు మెట్లు రెండేసి దిగాడు. నేను వాడి వెనకాలే. దిగుతుంటే మేనత్త గొంతు వినపడింది. కోపంగా లేదు. చిన్నపిల్ల అడిగినట్టు, "చూశావా? ఎంతుంటుందే?" అని అడుగుతోంది. అమ్మ ఏం చెప్పిందో నేను వినలేదు.

నర్సింగ్‌హోంలో డాక్టరమ్మ మమ్మల్ని తిట్టడానికి కూడా ఆగలేదు. గుండె కొట్టుకోవడం విని, వెంటనే లోపలికి తీసుకెళ్ళమంది. ఏ నక్షత్రమో ఎవరూ అడగలేదు. గడియారం ఎవరూ పట్టుకోలేదు. మరదలు స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని, "వదినా, కదలట్లేదని ఇందాకే చెప్పాల్సింది కదా, నేనే ఊరుకున్నాను" అంటూనే ఉంది. నీ తప్పేం లేదమ్మా, ఎవరి తప్పూ ఇక నీ మీద వేసుకోకు అన్నాను. ఆ పిల్ల విన్నదో లేదో తెలియదు. తలుపు మూశారు. నేను ఆ వరండాలో మంచినీళ్ళ డబ్బా దగ్గర నుంచి మెట్ల దాకా, మెట్ల దగ్గర నుంచి మంచినీళ్ళ డబ్బా దాకా తిరిగాను. నర్సు ఒకామె కూర్చోమని కుర్చీ తెచ్చి ఇచ్చింది. దాన్ని కూడా కాసేపు చేత్తో పట్టుకుని తిరిగాను.

ఆడపిల్ల. ఏడుపు వినపడటానికి చాలాసేపు పట్టింది. వినపడినప్పుడు కూడా సన్నగా, తలుపు కిర్రుమన్నట్టే వినపడింది. బిడ్డ నీరసంగా ఉందని వెచ్చటి పెట్టెలో పెట్టారు. డాక్టరమ్మ బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఇంకొక్క రోజు ఆగి ఉంటే నేను మీకేం చెప్పగలిగేదాన్నో నాకే తెలియదు అంది. తమ్ముడు గోడకి ఆనుకుని కిందకి జారిపోయి, మొహం కప్పుకుని ఏడ్చాడు.

మర్నాడు మేనత్త వచ్చింది. అద్దాల తలుపు ఇవతల చాలాసేపు నిలబడింది. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, అన్నం తిన్నావా అని అడిగింది. చివర్న తోకచుక్క అని తగిలించలేదు.

బిడ్డని పెట్టెలోంచి తీసి మా చేతికిచ్చిన రోజు, మధ్యాహ్నం మరదలు నిద్రపోతుంటే, గదిలో అమ్మా నేనే ఉన్నాం. అమ్మ బిడ్డని ఒళ్ళో వేసుకుని అరికాళ్ళు రుద్దుతోంది. నాలుగు రోజులుగా నాలో తిరుగుతున్నది ఇక ఆగలేదు. ఆ రోజు డాబా మీద అందరూ, అమ్మ నా కోసం నిలబడిందనుకున్నారు. నేను కూడా ముందు అలాగే అనుకున్నాను. ఆ తరవాత లెక్క వేరుగా కనపడసాగింది. అమ్మా, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పెళ్ళి చూపులప్పుడు కూడా చెప్పలేదు. బడి నుంచి ఏడుస్తూ వచ్చినప్పుడు కూడా చెప్పలేదు. ఒక్క మాట చెబితే పోయేది కదా.

అమ్మ రుద్దడం ఆపలేదు. తప్పించుకుంటుందనుకున్నాను. తప్పించుకోలేదు.

"చెబితే నిన్ను వదిలేసి నన్ను అంటారని భయమేసింది" అంది. "నువ్వైతే ఈ ఇంటి పిల్లవి. ఎంత అన్నా నీకు అన్నం పెడతారు. నేను బయటి నుంచి వచ్చినదాన్ని. నన్ను పంపించేసేవాళ్ళు. అందుకని నిన్ను అననిచ్చాను."

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఆ వెంటనే, ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల ఒకతి, నొప్పులతో, దొడ్లో నిలబడి తలెత్తి చూస్తూ కనపడింది. క్షమించానని ఇప్పటికీ చెప్పలేను.

అమ్మ నా మొహం వైపు చూడకుండా బిడ్డని నా చేతుల్లో పెట్టింది. "కాసేపు పట్టుకో, నా చేతులు లాగుతున్నాయి" అంది. పట్టుకున్నాను. బిడ్డ పాదం ఒకటి గుడ్డలోంచి బయటికొచ్చి నా మణికట్టుని తన్నింది. ఆపి, మళ్ళీ తన్నింది.